కొలిమి కొండకు ప్రయాణం

రాజమహేంద్రవరం వద్ద గోదావరి దాటి పడమటి గట్టున కొంత దూరం పోతే, పంగిడి, గౌరీపట్నం గ్రామాల పరిసరాలలో నల్లరాతి క్వారీలు కనిపిస్తవి. ఆ ప్రాంతపు రోడ్లకు పోసే కంకర చాలా వరకు ఈ క్వారీలదే. దుమ్ము లేపుకుంటూ పోయే కంకర లారీని చూచి విసుక్కొనే మనకు ఆ రాయి పుట్టుకను గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది? అది అగ్నిశిల. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రిందట భూగర్భం నుండి ద్రవరూపంలో పొంగి, పారి, చల్లారి గడ్డకట్టిన శిల. మహారాష్ట్రలో అధికభాగాన్ని కప్పి, తెలంగాణలో ఆదిలాబాదు, జహీరాబాదు, వికారాబాదు ప్రాంతాల వరకు వ్యాపించిన దక్కను లావా పొరలకు ఇది దగ్గరి చుట్టమే. పడమటి కనుమల వైపు పొంగిన లావా ఆనాటి నదీలోయల వెంబడి సుమారు వేయి కిలోమీటర్లు ప్రవహించి మన తూర్పు తీరం చేరినదని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఆ రాతిని కరిగించిన పొయ్యి ఇంకా ఆరలేదు. అయితే అది ఇప్పుడు మన నేల క్రింద లేదు. మనకు నైరుతిగా సుమారు 5 వేల కిలోమీటర్ల దూరాన, హిందూ మహాసముద్రంలో, రీయూనియన్ అనే ద్వీపం క్రింద ఉన్నది. నిజానికి పొయ్యి కదలలేదు, మనమే కదిలి వచ్చినాము. భారతభూభాగం ఆ కాలంలో భూమధ్యరేఖకు దక్షిణాన ఉండి, ఆ పొయ్యి మీదుగా ఉత్తరానికి జరిగినది. జరుగుతున్నప్పుడు వెనుక మిగిలిన మసిబొట్ల వంటివి లక్షదీవుల, మాల్దీవుల, చాగోస్ దీవుల క్రింద సముద్రంలో మునిగి ఉన్న కొండలు. తరువాత మారిషస్ పుట్టినది, చివరకు రీయూనియన్. శాస్త్రజ్ఞులలో ఎక్కువమంది అంగీకరించిన కథ ఇది. కనుక అగ్నిపర్వతం చూడవలెనన్న కోరిక గలవారు జపాను, ఇటలీ, హవాయి అంటూ ఎంత దూరం తలచినా, బంధుత్వం చేత మనకు దగ్గరది మాత్రం ఇదే. అక్కడికి పోదలచిన కుటుంబం ఏ విధంగా సన్నాహం చేసుకొనవలెనో నాలుగు మాటలు చెప్పడమే మా ఉద్దేశం.

ఆ కొండ పేరు ఫ్రెంచిలో పితోఁ ద లా ఫూర్నేజ్. ఫూర్నేజ్ అంటే కొలిమి. కాబట్టి కొలిమి కొండ అని పిలుచుకొందాము. ఎత్తు 2,632 మీటర్లు. ప్రపంచంలో తరచుగా పొంగే అగ్నిపర్వతాలలో ఇది ఒకటి. ద్వీపంలోని మరొక మహాశిఖరం పితోఁ దె నేజ్. 3,070 మీటర్ల ఎత్తుగల ఆ కొండ ఎన్నో వేల సంవత్సరాలుగా చల్లారి ఉన్నది. ఈ రెండు కొండలను, వాటి నడుమ లోయలను, అడవులను కలిపి 2007లో జాతీయ వనంగా ప్రకటించినారు. ద్వీపంలో నూటికి 42 వంతులు ఆ వనంలోనివే. 2010లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చినారు.

ప్రయాణానికి సంకల్పించేవారు మొదట ఒక సంగతి మనస్సుకు పట్టించుకొనవలె. కొండ ఎవరి సెలవుల పట్టికనూ చూడదు. 2018వ సంవత్సరంలో అది నాలుగుసార్లు పొంగినది. 2023 జూలైలో మొదలైన పొంగు ఆగస్టులో ఆగిన తరువాత, 2024 సంవత్సరమంతా ఒక్కమారు కూడ పొంగలేదు. లక్షలు వెచ్చించి, ఏడాది ముందుగా విమానపు టిక్కెట్లు తీసుకొని, పిల్లలకు నిప్పుల నది చూపిస్తామని మాట ఇచ్చి బయలుదేరినవారికి కొండ మౌనంగా కనిపించడమే ఎక్కువ సంభవం. మేము చూచిన నాడు కూడ అది మౌనంగానే ఉన్నది. అయినా దిగులు పడలేదు. నిప్పును చూడడం అదృష్టం. నిప్పు చేసిన పనిని చూడడం మాత్రం ఏనాడు పోయినా దొరికే ఫలం. ఆ రెండవదానిని ప్రధానంగా పెట్టుకొని ప్రయాణం కూర్చుకొంటే, మొదటిది దొరికిననాడు అది కొసరు.

ఇక అనుమతి పత్రాల మాట. రీయూనియన్ ఫ్రాన్సు దేశంలో ఒక జిల్లా. నాణెం యూరో, భాష ఫ్రెంచి, ఇంట మాట్లాడుకొనేది క్రెయోల్. కాని అది షెంగెన్ ఒప్పందపు మండలంలో చేరలేదు. పారిసు నగరం చూడడానికి తీసుకొన్న షెంగెన్ వీసా చేతిలో ఉన్నది కదా అని బయలుదేరితే విమానాశ్రయంలోనే చిక్కు రావచ్చు. ఈ ద్వీపానికి చెల్లే అనుమతి ఏదో ఫ్రెంచి రాయబార కార్యాలయం వారిని ముందే విచారించవలె. మారిషస్ మీదుగా పోవడం సుకరం. అక్కడి నుండి విమానంలో ముప్పావు గంట. ఉగాదిని ప్రభుత్వ సెలవుదినంగా పాటించే ఆ ద్వీపంలో రెండు రోజులు ఆగి తెలుగువారిని పలకరించి పోవడం మంచిదని మా అభిప్రాయం.

ఋతువును గురించి జాగ్రత్త పడవలె. అక్కడ మనకు ఎదురు. మన వేసవి చివర వారికి చలికాలం మొదలు. మే నెల నుండి నవంబరు వరకు వానలు తక్కువ. జనవరి మొదలు మార్చి వరకు తుపానుల కాలం. ఆ వానల స్వరూపం మన ఊహకు అందదు. కొండకు పోయే దారిలోనే కొమ్మెర్సోఁ అనే పాత బిలం ఒకటి ఉన్నది. 2007 ఫిబ్రవరిలో వచ్చిన తుపానులో అక్కడ మూడు రోజులలో 3,929 మిల్లీమీటర్ల వాన పడినది. మూడు దినాల వానకు ప్రపంచంలో అదే గరిష్ఠం. మన కోస్తాలో మూడు నాలుగేండ్లలో పడే వాన అక్కడ మూడు దినాలలో కురిసినదన్నమాట. మరి చలికాలంలో, అనగా జూలై ఆగస్టులలో, కొండ మీద తెల్లవారుజామున మంచు గడ్డకడుతుంది. సముద్రపుటొడ్డున చొక్కాతో తిరిగేవాడు రెండు గంటల ప్రయాణంలో ఉన్నికోటు కొరకు వెదకవలసి వస్తుంది. ఒకే పెట్టెలో రెండు ఋతువులకు సరిపడే బట్టలు పెట్టుకొనక తప్పదు.

వేళను గురించి మరింత పట్టుదల అవసరం. ఉదయం ఎనిమిది తొమ్మిది గంటల వరకు ఆకాశం నిర్మలంగా ఉండి, పొద్దెక్కేకొద్దీ సముద్రం వైపు నుండి మబ్బులు ఎక్కి వచ్చి కొండను కప్పివేస్తవి. పదకొండు గంటలకు చేరినవారికి తెల్లని గోడ తప్ప మరేమీ కనిపించదు. తీరపు పట్టణంలో బస చేసినవారు తెల్లవారుజామున నాలుగింటికే లేచి బయలుదేరవలె. లేదా బూర్-మ్యూరా అనే కొండమీది ఊరిలోగాని, కొండ అంచుకు సమీపాన ఉన్న యాత్రికుల సత్రంలోగాని ముందు రాత్రి బస చేయవచ్చు. సత్రంలో చోటు ముందుగా చెప్పి ఉంచుకొనక దొరకదు. భోజన విషయం కూడ అప్పుడే చెప్పవలె. అన్నం, పప్పుగింజలు, బ్రెద్ అని వారు పిలిచే ఆకుకూరలు, టమాటాలు మిరపకాయలు కలిపి నూరిన రుగాయ్ అనే పచ్చడి వారి నిత్యభోజనం కనుక, శాకాహారులమని ముందే చెబితే ఇబ్బంది కలగదు. చెప్పకపోతే అన్నంతో పాటు మాంసపుకూర వచ్చి తీరుతుంది.

బూర్-మ్యూరాలో అగ్నిపర్వత ప్రదర్శనశాల ఉన్నది. దానిని ముందురోజు మధ్యాహ్నమే చూచి ఉంచుకొంటే మరునాడు కంటికి కనిపించేదానికి అర్థం ముందుగానే తెలిసి ఉంటుంది. పిల్లలున్నవారు దీనిని విడువరాదు.

అక్కడి నుండి రోడ్డు పచ్చిక మైదానాల మీదుగా ఎక్కుతుంది. ఆవులు మేస్తూ ఉంటవి, గొల్లపల్లెలు కనిపిస్తవి. పోను పోను చెట్లు పొట్టివై, పొదలై, చివరకు అవీ లేవు. ఒక మలుపు తిరిగేసరికి క్రింద ఇసుక మైదానం. ఎరుపు, గోధుమ, నలుపు కలిసిన కంకర, బూడిద. దాని నడుమ గీత గీసినట్లు మట్టిరోడ్డు. పచ్చని దేనికైనా అలవాటుపడిన మన కన్ను అక్కడ క్షణంసేపు తడబడుతుంది. చంద్రమండలం వలె ఉన్నదని అందరూ అనే మాటనే మేమూ అన్నాము. అంతకన్న మంచి ఉపమానం తోచలేదు.

రోడ్డు ఆగే చోటు పా ద బెల్‌కోంబ్. అనగా బెల్‌కోంబ్ కనుమ. ఎత్తు 2,311 మీటర్లు. ఎదుట నేల ఒక్కసారిగా విరిగి, నిట్టనిలువు ప్రాకారంగా దిగిపోతుంది. ప్రాకారం లోపల విశాలమైన నల్లని ఆవరణ, దాని నడుమ కొలిమి కొండ. ఆవరణకు మూడు వైపుల గోడలున్నవి, తూర్పు వైపు మాత్రం సముద్రానికి తెరచి ఉన్నది. గత మూడు శతాబ్దాలలో జరిగిన ఉద్గారాలలో నూటికి 95కు పైగా ఈ ఆవరణలోనే జరిగినవి. ప్రకృతి కొలిమికి తానే గోడ కట్టి ఉంచినదా అనిపిస్తుంది.

ఆ కనుమ పేరు వెనుక ఒక చిన్న కథ ఉన్నది. 1768లో ద్వీపపు గవర్నరు బెల్‌కోంబ్ కొండను చూడబోయినాడు. ప్రాకారం దిగే దారి తెలియక పరివారమంతా ఆగిపోగా, దారి కనిపెట్టినవాడు ఒక బానిస అని చెబుతారు. వానికి బహుమానంగా దొరికినది కాసిని నీలిబట్టలట. పేరు మాత్రం గవర్నరుకు దక్కినది. ఈ బెల్‌కోంబే తరువాత పుదుచ్చేరికి గవర్నరై వచ్చినాడు. అంటే మన యానాం కూడ కొంతకాలం అతని పాలనలో ఉన్నదన్నమాట.

ఇక్కడి నుండి క్రిందికి 527 మెట్లు. మెట్ల మొదట ఒక తలుపు. ఈ ప్రసంగంలో శ్రోతలు మరువరాని భాగం ఈ తలుపే. ద్వీపంలో 1979 నుండి అగ్నిపర్వత పరిశీలనశాల పనిచేస్తున్నది. కొండ క్రింద ద్రవశిల కదలితే నేల సన్నగా కంపిస్తుంది, కొండ ప్రక్కలు కొలతకు అందేంత మాత్రం ఉబ్బుతవి. యంత్రాలు ఆ సంగతి చెప్పగానే, పరిశీలనశాల వారి హెచ్చరికపై ప్రభుత్వాధికారి ఆవరణను మూసివేస్తాడు. లోపల నడుస్తున్నవారిని వెలుపలికి పంపి తలుపు బిగిస్తారు. కొన్నిసార్లు హెచ్చరికకు, పొంగుకు నడుమ గంట మాత్రమే వ్యవధి ఉంటుంది. పొంగు ఆగిన తరువాత కూడ దారులు పరీక్షించి గాని తెరువరు.

ఎంతో దూరం నుండి వచ్చిన యాత్రికునికి మూసిన తలుపు కష్టంగానే తోస్తుంది. ప్రక్కనున్న కంచె అంత ఎత్తుది కాదు. ఎవరూ చూడడం లేదు గదా అన్న ఆలోచన వస్తుంది. 2021 ఏప్రిల్ ఉద్గారం జరుగుతున్నప్పుడు అట్లే లోపలికి పోయిన ఇద్దరు యువకులు ప్రాణాలతో తిరిగి రాలేదు. అక్కడ లావా కన్న ముందు మనిషిని పట్టేవి పొగమంచు, చలి, విషవాయువు. తలుపు మూసి ఉంటే దాని ముందు నిలిచి, చూడగలిగినంత చూచి, వెనుకకు మరలవలె. ఈ మాట ఇంట్లో బయలుదేరే ముందే, ముఖ్యంగా పడుచువాళ్లతో, స్పష్టంగా అనుకొని ఉంచవలె. అక్కడికి పోయిన తరువాత తర్కించుకొంటే లాభం లేదు. కొండ పొంగుతున్న రాత్రులలో ప్రాకారపు అంచు వెంబడి అధికారులు అనుమతించిన చోట్ల నుండి చూడవచ్చు. వేలాది జనం వస్తారు గనుక బండ్లు బారులు తీరుతవి, తిరునాళ్లే అనుకొనండి.

తలుపు తెరచి ఉన్ననాడు దిగి నడవడానికి రెండు మార్గాలు. వృద్ధులు, చిన్నపిల్లలు గలవారు మెట్లు దిగి, సమీపంలోనే ఉన్న ఫోర్మికా లెయో అనే ఎర్రని చిన్న దిబ్బ వరకు పోయి రావడం చాలు. 1753లో పుట్టినదని చెప్పే ఆ దిబ్బ మన వడ్లరాశి వలె చక్కగా ఉంటుంది. దిగేటప్పుడు సులభంగా తోచిన 527 మెట్లు ఎక్కేటప్పుడు రెట్టింపు అవుతవి. ఆ సంగతి ముందే లెక్కలో ఉంచుకొనవలె. మోకాళ్ల నొప్పులు గలవారు దిగనే వద్దు. పై నుండి కనిపించే దృశ్యమే చాలు.

కాళ్లు గట్టివైనవారు దొలోమ్యూ అనే శిఖరబిలం అంచు వరకు పోవచ్చు. పోయి రావడానికి ఐదు గంటలు పడుతుంది. కాలిబాట అంటూ లేదు. గడ్డకట్టిన లావా మీద తెల్లని రంగుతో చుక్కలు వేసి ఉంటారు, ఒక చుక్క నుండి మరొక చుక్క చూచుకొంటూ నడవవలె. పొగమంచు కమ్మితే రెండవ చుక్క కనిపించదు. అప్పుడు నడక ఆపి, ఉన్న చుక్క దగ్గరనే నిలిచి తెరిపి కొరకు కాచుకొనడం మేలు. చుక్కలు విడిచినవాడు దిక్కులు విడిచినట్లే. చెప్పులతో పోరాదు, లావా అంచులు గాజుపెంకుల వలె కోస్తవి. త్రోవలో ఎక్కడా నీరు లేదు. మనిషికి రెండు మూడు లీటర్ల నీరు, టోపీ, వానకోటు, ఒక ఈల, తినడానికి ఏదైనా గట్టి పదార్థం ఉండవలె. మా సంచిలో ఉన్నవి అటుకులు, బెల్లం. ఆ చలిలో అవి రుచించినట్లు ఇంట్లో ఎన్నడూ రుచించలేదు.

త్రోవలో లావా రూపాలు చూడవలసినవి. ఒకచోట పేనిన త్రాళ్ల వలె ముడతలు, మరొకచోట దున్ని విడిచిన గడ్డల చేను, ఇంకొకచోట లోపల గుల్లయై చిన్న గుడి వలె నిలిచిన బుడగ. దానిని వారు రోజ్‌మోఁ ప్రార్థనాలయం అంటారు. శిఖరబిలానికి భూగర్భశాస్త్రజ్ఞుడు దొలోమ్యూ పేరు పెట్టినవాడు 1801లో కొండ ఎక్కిన బోరీ ద సేఁ-వేంసాఁ. ఆ బిలం 2007 ఏప్రిల్‌లో ఒక్కసారిగా క్రుంగినది. క్రిందనున్న ద్రవశిల ప్రక్కదారిని బయటికి పారిపోగా, ఆధారం లేక బిలపు అడుగు మూడు వందల మీటర్లకు పైగా లోతుకు దిగినది. అంచు నుండి చూస్తే ఎరుపు, నలుపు, పసుపు పొరలు అంతస్తులు అంతస్తులుగా కనిపిస్తవి. ఒక్కొక్క పొర ఒక్కొక్కనాటి పొంగు. పంగిడి క్వారీ గోడలో మనం చూచేదీ ఇటువంటి పొరలనే. అయితే అక్కడ చల్లారి కోట్ల ఏండ్లయినది, ఇక్కడ నిన్న మొన్నటిది. బిలం అంచు ఇంకా విరుగుతూ ఉంటుంది గనుక గీసిన హద్దు దాటరాదు. రాయి ఏరి సంచిలో వేసుకొనడం కూడ వనం నిబంధనలకు విరుద్ధం.

మరొక దినం తూర్పు తీరానికి కేటాయించవలె. ఆవరణ సముద్రంలోకి తెరచుకొనే చోట తీరపు రోడ్డు పాత లావా ప్రవాహాలకు అడ్డంగా పోతుంది. ఒక్కొక్క ప్రవాహం దగ్గర అది పారిన సంవత్సరం పలక మీద వ్రాసి నిలిపినారు. మన రోడ్ల మీద మైలురాళ్లు దూరం చెబుతవి, అక్కడివి కాలం చెబుతవి. 2007 నాటి ప్రవాహం రోడ్డును కిలోమీటరుకు పైగా కప్పి సముద్రంలో కొత్త నేలను చేర్చినది. రోడ్డును కొండ తెంపడం, మనుషులు మరల వేయడం అక్కడ మామూలు. దీనిని గురించి ఆ ద్వీపవాసులు మనం వరదలను గురించి మాట్లాడినంత సహజంగా మాట్లాడుతారు. ఆ రోడ్డు నేడు తెరచి ఉన్నదా లేదా అన్నది బయలుదేరేనాటి ఉదయమే విచారించవలె.

కొంత ఉత్తరాన సేఁత్-రోజ్ ప్రాంతంలో ఒక చర్చి ఉన్నది. 1977 ఏప్రిల్‌లో లావా అలవాటు తప్పి ఆవరణ వెలుపల పొంగినది. ఊరివారిని ముందే తరలించినారు గనుక ప్రాణనష్టం జరుగలేదు, కాని కొన్ని ఇండ్లు పోయినవి. చర్చి గడప వరకు వచ్చిన లావా కాస్త లోపలికి తొంగిచూచి అక్కడే ఆగి, గోడలను చుట్టుకొని రెండు పాయలై పోయినది. గడ్డకట్టిన ఆ లావా నేటికీ చర్చి ముంగిట ఉన్నది. భక్తులు దానిని అద్భుతమన్నారు; చర్చికి లావా మాత అనే పేరు వచ్చినది. ప్రభుత్వం మాత్రం రెండేండ్లలో పరిశీలనశాల స్థాపించినది. రెండూ చేయవలసిన పనులే అని మాకు తోచినది.

ఈ తీరాన చెరకుతోటల మధ్య రంగురంగుల గోపురాలు కనిపించి మన ప్రయాణికులను ఆశ్చర్యపరుస్తవి. 1820ల చివర యానాం నుండి తెలుగు కూలీల చిన్న జట్లను ఫ్రెంచివారు ఈ ద్వీపానికి తీసుకొనిపోయినారు. తెలింగులని వారిని పిలిచినారు. 1848లో బానిసత్వం రద్దయిన తరువాత దక్షిణదేశం నుండి ఒప్పందం మీద వేలాది మందిని రప్పించినారు. వారిలో అధికులు తమిళులు. వారి సంతతి నేడు ఫ్రెంచి, క్రెయోల్ మాట్లాడుతుంది. పూర్వీకుల భాష చాలా ఇండ్లలో మరుగున పడినది. అయినా గుడులు నిలిచినవి, నిప్పుల గుండం త్రొక్కే మ్రొక్కులు నిలిచినవి. కొలిమి కొండ నీడలో నిప్పులు త్రొక్కే జనం! గుడిలోకి పోతే చెప్పులు విడిచి, ఛాయాచిత్రం తీసే ముందు ఒకమాట అడిగితే ఆదరంగా మాట్లాడుతారు. భారతదేశంలో ఏ ఊరు అని తప్పక అడుగుతారు. యానాం పేరు చెప్పి చూడండి.

తీరపు లావా మీద మొదట పట్టేది నాచు వలె కనిపించే బూడిదరంగు లైకెన్. దాని వెనుక పగుళ్లలో ఫెర్న్ ఆకులు, ఆ తరువాత పొదలు. వానలు మెండు గనుక కొన్ని దశాబ్దాలలోనే అడవి మొలకెత్తుతుంది. సేఁ-ఫిలిప్ వైపు పాత లావా నేలలలో రైతులు చెట్లకు వనిల్లా తీగలు పాకిస్తారు. ఆ పువ్వును చేతితో పరాగసంపర్కం చేసే సుళువును 1841లో కనిపెట్టినవాడు ఈ ద్వీపంలోని ఎద్మోఁ అల్బ్యూస్ అనే పన్నెండేండ్ల బానిస బాలుడు. నేటికీ పూత కాలంలో తెల్లవారగానే ఆడవారు, మగవారు పుల్ల చేత పట్టుకొని పువ్వు పువ్వుకూ ఆ పని చేస్తారు. తోటలోనే ఎండబెట్టిన కాయలు అమ్ముతారు. కొనేటప్పుడు వంచి చూడవలె. విరుగక, వ్రేలికి చుట్టుకొనేటంత మెత్తగా, నూనె అంటినట్లు నిగనిగలాడుతూ ఉంటే మంచిది. చక్కెర డబ్బాలో ఒక్క కాయ వేసి ఉంచితే ఇంట్లో పాయసానికి ఎన్నో నెలలు వస్తుంది.